మొదటి ఎయిర్‌సాఫ్ట్ గన్: 300 డాలర్లలో ఏది కొనాలి, ఏం మార్చాలి?

ప్రశ్న:
అన్నలూ, ఎమ్మెస్‌కి డల్లాస్ వచ్చి ఏడాదైంది. రూమ్మేట్లతో రెండు శనివారాలు ఎయిర్‌సాఫ్ట్ (ప్లాస్టిక్ గుండ్లు కాల్చే బొమ్మ తుపాకుల ఆట) ఫీల్డుకి వెళ్లి అద్దె గన్‌తో ఆడా, పిచ్చి పట్టేసింది. జీ అండ్ జీ కంపెనీ వాళ్ల సీఎం16 గన్ మీద కన్నుంది. దానికి 11.1 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, టైట్ బోర్ బ్యారెల్ (లోపలి రంధ్రం సన్నగా ఉండే గొట్టం), గట్టి స్ప్రింగు వేస్తే రేంజ్ పెరుగుతుందని వీడియోల్లో చెప్తున్నారు. అన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టేయనా?

జవాబు 1:
ఆగు తమ్ముడూ. ఉన్నదంతా గన్‌కే పెట్టేస్తే కళ్లకేం పెట్టుకుంటావు? ముందు చుట్టూ మూసుకుపోయే గాగుల్స్ కొను, వాటి మీద జెడ్87.1 రేటింగ్ (కళ్ల రక్షణకి అమెరికా ప్రమాణం) ఉండాలి. చలవ కళ్లద్దాలు పనికిరావు. పళ్లు కాపాడే మాస్కు కూడా తీసుకో, పన్ను విరిగితే ఇక్కడ డెంటిస్ట్ బిల్లు గన్ కంటే ఎక్కువవుతుంది.

సీఎం16 మంచిదే, బ్యాటరీతో నడిచేది కాబట్టి కొత్తవాళ్లకి తలనొప్పి తక్కువ. స్ప్రింగు జోలికి మాత్రం వెళ్లకు. చాలాచోట్ల 0.20 గ్రాముల బీబీతో (అంటే ప్లాస్టిక్ గుండుతో) కొలిచి లోపల ఆటకి 350 ఎఫ్‌పీఎస్ (బీబీ సెకనుకి ఎన్ని అడుగులు పోతుందన్న లెక్క), బయట 400 దాకా ఒప్పుకుంటారు, అది దాటితే గేటు దగ్గరే ఆపేస్తారు. మీ ఫీల్డు లెక్క అడిగాకే గన్ కొను.

రేంజ్ కావాలంటే చూడాల్సింది హాప్‌అప్. బీబీ బ్యారెల్‌లోకి వెళ్లేచోట చిన్న రబ్బరు ఉంటుంది, బకింగ్ అంటారు. అది పైనుంచి నొక్కి బీబీని వెనక్కి తిప్పుతుంది, ఆ స్పిన్ వల్లే అది కింద పడిపోకుండా గాల్లో నిలబడి దూరం పోతుంది. పది పన్నెండు డాలర్ల మంచి రబ్బరు, 0.25 లేదా 0.28 గ్రాముల నున్నటి బీబీలు, ఈ రెండూ చేసే మేలు ఖరీదైన బ్యారెల్ చేయదు. చవక బీబీలకి అతుకు గీత ఉంటుంది, టైట్ బోర్‌లో ఇరుక్కుంటాయి.

జవాబు 2:
పై అన్న చెప్పింది కరెక్టే. 11.1 గురించి నా కథ వినండి. కొన్న వారానికే మామూలు గన్‌కి 11.1 పెట్టా, మాస్‌ఫెట్ (ట్రిగ్గర్ కాంటాక్టుల మీద కరెంటు భారం పడకుండా చూసే చిన్న సర్క్యూట్) లేదు, ఏం లేదు. మధ్యాహ్నానికల్లా లోపల గరగరమని శబ్దం, పిస్టన్ పళ్లు మొత్తం అరిగిపోయాయి. తప్పు నాదే. 7.4 వోల్టులు చాలు. ఫుల్ ఆటోలో ఆగకుండా కాల్చాలన్న సరదా మూడో వారానికి అదే తీరిపోతుంది. లైపోకి బ్యాలెన్స్ చార్జర్ (సెల్లులన్నిటినీ సమానంగా చార్జ్ చేసేది) తప్పనిసరి. చార్జింగ్‌లో పెట్టి నిద్రపోకండి, సెల్లుకి 3 వోల్టుల కిందకి దించకండి, ఉబ్బితే వాడకండి.

ప్రశ్న:
థాంక్యూ అన్నా. గ్యాస్ పిస్టల్ కూడా ఒకటి తీసుకోనా? సెలవుల్లో హైదరాబాద్ తీసుకెళ్లి మా తమ్ముడికి చూపించొచ్చా?

జవాబు 1:
గ్యాస్ పిస్టల్ చేతిలో భలే ఉంటుంది, కానీ చలికి గ్యాస్ ఒత్తిడి పడిపోతుంది, డిసెంబర్‌లో ఏడిపిస్తుంది. తర్వాత చూసుకో.

హైదరాబాద్ మాట మర్చిపో. ఇక్కడ చెక్-ఇన్ బ్యాగులో ఒప్పుకున్నా, శంషాబాద్ కస్టమ్స్‌లో ఆపితే అది బొమ్మ అని నచ్చజెప్పడానికి నీ సెలవులు చాలవు. వీడియో కాల్‌లో చూపించు.

ఇంకో మాట. గన్ మూతి దగ్గరున్న నారింజ రంగు చివర పీకకు, పెయింట్ వేయకు. క్యాంపస్‌కి అసలు తేవద్దు. అపార్ట్‌మెంట్ నుంచి కారు దాకా కూడా సంచిలోనే ఉండాలి, పార్కింగ్‌లో బయటికి తీసి ఫొటోలు దిగొద్దు. దూరం నుంచి చూసినవాళ్లకి అది నిజం తుపాకీయే, పోలీసులకీ అంతే. స్టూడెంట్ వీసా మీద ఉన్నావు, ఆ టెన్షన్ నీకెందుకు?

ప్రశ్న:
అర్థమైంది అన్నా. గాగుల్స్, 7.4 బ్యాటరీ, చార్జర్, 0.25 బీబీలు ఆర్డర్ పెట్టేశా. గన్ మాత్రం ఈ శనివారం ఫీల్డు వాళ్లని ఎఫ్‌పీఎస్ అడిగాకే.