సిమెంటు కడీలకు చైన్ లింక్ జాలీ: కట్టుతీగ ఏ గేజ్ వాడాలి?

నర్సంపేట దగ్గర మక్కచేను. చుట్టూ 5 అడుగుల జీఐ (జింకు పూత ఇనుము) చైన్ లింక్ జాలీ, 12 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ మందం). 8 అడుగులకో సిమెంటు కడీ. కడీలకు రంధ్రాల్లేవు, తీగ చుట్టూ తిప్పి కట్టాల్సిందే. పైన, నడుమ, కింద 10 గేజ్ లైన్ వైర్ లాగి ఉంది, దానికి ఢోకా లేదు. తెగేదల్లా కట్లే.

మొదట మేస్త్రీ స్లాబు సలాకలకు వాడే నల్ల బైండింగ్ వైరుతో కట్టిండు. ఒక్క వానాకాలానికే తుప్పుపట్టి, వంచితే పుటుక్కున విరిగింది. తర్వాత 18 గేజ్ జీఐ తీగ రెండు పేటలుగా కటింగ్ ప్లేయరుతో మెలేసి కట్టినం. తుప్పు రాలేదు గానీ, అడవి పందులు ముట్టెతో ఎత్తే కింది వరుసలో, సరిగ్గా కడీ అంచు మీద కోసినట్టు తెగుతోంది. మెలి మాత్రం చెక్కుచెదరట్లేదు. కడీ మూల రాపిడికే పోతోందని నా అనుమానం.

షాపాయన 14 గేజ్ తీసుకొమ్మంటున్నడు. అంత మందం తీగ చేత్తో బిగియదు, వదులుంటదని మేస్త్రీ మాట. ప్లాస్టిక్ ట్యాగులు ఎండకు పెళుసెక్కుతాయి, వాటి జోలికి పోను.

ఇట్లాంటి పలక కడీలకు జాలీ కట్టినవాళ్లు చెప్పండి: కింది వరుసకు 14 గేజ్ జీఐ ఒక్క పేట ఆగుతుందా, 16 గేజ్ రెండు పేటలా?