తెల్ల గ్లాడియోలస్‌కు ఎర్రదాని పుప్పొడి అద్దితే రంగు మారుతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది హైదరాబాద్. మేడ మీద కుండీల్లో అక్టోబరులో పెట్టిన గ్లాడియోలస్ దుంపలు కాడలు వేశాయి. ఒకటి తెలుపు, ఒకటి ముదురు ఎరుపు. ఎర్రదాని పుప్పొడి బ్రష్‌తో తెల్లదానికి అద్దితే, వచ్చే ఏడాది ఆ దుంపకు గులాబీ రంగు పూలు వస్తాయా?

జవాబు: దుంప మారదండీ. ఆ దుంపా, దాని పిల్లదుంపలూ తెల్లగానే పూస్తాయి. సంకరం జరిగేది గింజలో. అది మొలిచి, దుంప కట్టి, పూయడానికి రెండు మూడు సీజన్లు పడుతుంది. దుంప రంగే మారాలంటే మ్యుటేషన్, అంటే జన్యువుల్లోనే మార్పు, రావాలి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ల ‘శోభ’ రకం అలా గామా కిరణాలతో వచ్చిందే. మన మేడ మీద అది అయ్యే పని కాదు లెండి!

గింజ కట్టించి చూస్తానంటే ఇలా చేయండి. తెల్లదాని కాడలో కింది పూలు ముందు విచ్చుకుంటాయి, వాటినే తల్లిగా, అంటే గింజ కట్టే పూలుగా, తీసుకోండి. రంగు తేలి, ఉబ్బి, రేపు విచ్చుకుంటుందనిపించే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకోవాలి. రేకులు మెల్లగా విప్పితే మూడు పుప్పొడి తిత్తులు కనిపిస్తాయి. ట్వీజర్‌తో మూడూ తుంచేయండి. ఏ తిత్తి అయినా అప్పటికే పగిలి పొడి రాలుతుంటే ఆ పువ్వు వదిలేయడమే. తర్వాత పల్చటి కాగితం కవరు తొడగండి, లేదంటే మనకన్నా ముందు తేనెటీగలు వచ్చేస్తాయి.

వెంటనే పుప్పొడి అద్దకండి. అప్పటికి కీలాగ్రం (పువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే కొస) ముడుచుకునే ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో మూడు పాయలుగా విడి, అంచుల్లో సన్నటి నూగు కనిపిస్తుంది. అదీ అదను. పొద్దున మంచు ఆరాక అద్దాలి. బ్రష్ కన్నా ఎర్రపువ్వు తిత్తినే పట్టుకుని నేరుగా రాయడం నయం.

ప్రశ్న: థాంక్సండీ. ఎర్రది ముందే పూసేస్తే ఎలా?

ఇంకొకరు: తిత్తులను నీడలో ఆరబెట్టి, చిన్న డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో ఫ్రిజ్‌లో పెట్టండి. పుప్పొడి కొన్నాళ్లు ఆగుతుంది. అద్దిన పువ్వుకు చీటీ కట్టి, తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత పెన్సిల్‌తో రాయండి. పెన్ను రాత ఎండకు వెలిసిపోతుంది. కాడ పైకొస తుంచేస్తే బలం కాయలకు దక్కుతుంది.

అయిదారు వారాలకు కాయ గోధుమరంగుకు తిరిగి పైన నెర్రె పడుతుంది. అప్పుడే కోసేయాలి, గింజలకు రెక్కలుంటాయి, గాలికి ఎగిరిపోతాయి. ఒక్కోదాన్నీ వెలుతురుకు పట్టి చూడండి. పొర మధ్యలో గట్టి బొడిపె ఉంటే మొలుస్తుంది, ఉత్త పొరే అయితే తాలు.

ప్రశ్న: గింజలు ఫిబ్రవరికి వచ్చేలా ఉన్నాయి. అప్పుడే విత్తేయనా?

జవాబు: వద్దండీ. గరికపోచల్లాంటి మొలకలు మన ఎండాకాలానికి మాడిపోతాయి. బాగా ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, మూత బిగువైన డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచి అక్టోబరులో చల్లండి. మొదటి ఏడాది బఠాణీ గింజంత దుంపలే వస్తాయి. ఆకులు ఎండాక తీసి దాచి, మళ్లీ సీజన్‌కు నాటాలి.

గులాబీ రంగు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మనం కొనే పెద్దపూల రకాలన్నీ ఎప్పటినుంచో కలగలిసిన సంకరాలే. పైగా వీటిలో లక్షణాలను మోసే క్రోమోజోములు నాలుగు సెట్లు, మొత్తం 60. ఒకే కాయ గింజలు కూడా ఒకదానికొకటి పోలిక లేకుండా పూస్తాయి. అందుకే పది మొలకలతో సరిపెట్టొద్దు, గట్టి గింజలన్నీ లోతైన ట్రేలో పోసేయండి. తొలి పూత చూసేదాకా ఏదీ పీకకండి.