పాత గ్లోబు మీద ఓడలు వెళ్ళిన దారులు, రెండు డౌట్లు

లండన్_చలి:
ఇక్కడ లండన్‌లో ఒక పాతసామాన్ల షాపులో పెద్ద గ్లోబు చూశానండి, 18 అంగుళాలది, ఇత్తడి చక్రంలో బిగించి చెక్క స్టాండ్ మీద పెట్టారు. కారీ (తయారుచేసినవాళ్ళ పేరు), స్ట్రాండ్ (ఇక్కడి వీధి), 1816 మార్చి 1 అని రాసుంది, కుక్, వాంకూవర్, లాపెరూజ్ అనే పాతకాలం నావికుల దారులు చూపిస్తున్నాం అని ఇంత పెద్ద టైటిలు. సముద్రం నిండా సన్న గీతలే. రేటు అడగడానికి భయమేసి వచ్చేశా, అది వేరే సంగతి. లాపెరూజ్ ఓడలు వెనక్కి రానేలేదంట కదా, మరి ఆయన వెళ్ళిన దారి వీళ్ళకెలా తెలిసింది? ఇంకోటి, అంటార్కిటికా లేదేంటి?

పడవ_మామ:
అంటార్కిటికా గడ్డని మనిషి చూసిందే 1820లో అండి, అప్పటిదాకా అక్కడ గీయడానికేం లేదు. కుక్ 1774 జనవరిలో 71 డిగ్రీల దక్షిణం దాటి వెళ్ళాడు, ఎదురుగా మంచు తప్ప ఏం కనపడక వెనక్కి తిరిగాడు. అందుకే అక్కడ కుక్ గీత ఉంటుంది గానీ నేల ఉండదు.

రాగిరేకు:
లాపెరూజ్ కథ నాకు భలే ఇష్టం. ఆయన 1785లో రెండు ఓడలతో ఫ్రాన్స్ నుంచి బయల్దేరి, 1787లో టార్టరీ (అంటే ఆసియా ఈశాన్య) తీరం వెంబడి పైకి వెళ్ళి రష్యా తూర్పు కొసన కమ్చట్కాలో ఆగాడు, అక్కడ డైరీలూ మ్యాపులూ మూటకట్టి రష్యన్ వచ్చిన లెసెప్స్ అనే కుర్రాడికిచ్చి నేల మీద పంపేశాడు, పాపం అతను సైబీరియా మొత్తం దాటుకుని పారిస్ చేరేసరికి ఏడాది పట్టింది (సూయజ్ కాలువ తవ్వించిన లెసెప్స్‌కి ఇతను పెదనాన్న వరసే). తర్వాత ఆస్ట్రేలియాలో బోటనీ బే దగ్గర మిగతా కాగితాలు ఇంగ్లీషు వాళ్ళ చేతికిచ్చి 1788 మార్చిలో వెళ్ళాడు, అంతే, మళ్ళీ జాడ లేదు. ఓడల ముక్కలు పసిఫిక్‌లో వనికోరో దీవి దగ్గర దొరికింది 1827లో. అంటే ఓడలు మునిగినా కాగితాలు ముందే ఒడ్డెక్కాయన్నమాట, 1797లో పారిస్‌లో పుస్తకంగా కూడా వేశారు, గ్లోబులోళ్ళకి అది చాలు.

పడవ_మామ:
@లండన్_చలి ఆ 1816ని అంత నమ్మకండి. గ్లోబు మీద అతికించే మ్యాపు కాగితాలు అచ్చు వేసే రాగి రేకులు ఖరీదు, కొత్తవి చెక్కించకుండా పాతవాటి మీదే దిద్దుకుంటూ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు. కారీ గ్లోబుల్లోనే 1816 కింద "1826 దాకా దిద్దుబాట్లతో" అని చేర్చినవి ఉన్నాయి. ఫొటో తీసుంటే దక్షిణ అమెరికా కొస కింద జూమ్ చేయండి, 1819లో కనిపెట్టిన సౌత్ షెట్‌లాండ్ దీవులుంటే ఆ తర్వాత వేసిందే.

లండన్_చలి:
ఫొటోలో సరిగ్గా అక్కడే లైటు పడిందండీ 😭 శనివారం మళ్ళీ వెళ్తా, ఈసారి రేటు కూడా అడిగేస్తా.