డీహెచ్‌ఏ గుళికలు వేసుకుంటే ప్రసవం తర్వాత కుంగుబాటు రాకుండా ఉంటుందా?

ప్రశ్న – కాకినాడ కోడలు

నాకిప్పుడు ఏడో నెల. మూడేళ్ళ క్రితం పెద్దబాబు పుట్టినప్పుడు నెలల తరబడి నిద్ర పట్టక, కారణం తెలియని ఏడుపుతో, బిడ్డను ఎత్తుకోవడానికే భయపడుతూ గడిపాను. డాక్టరు గారు దానిని ప్రసవానంతర కుంగుబాటుగా నిర్ధారించి సెర్ట్రాలిన్ ఇచ్చారు. తక్కువ మోతాదులో ఇప్పటికీ వాడుతున్నాను. మేము శాకాహారులం కాబట్టి మా ఆడపడుచు అమెరికా నుంచి నాచుతో తయారైన డీహెచ్‌ఏ (ఒక రకం ఒమేగా-3 కొవ్వు) గుళికలు పంపి, "ఇవి వేసుకుంటే ఈసారి దిగులు రాదు వదినా, ఆ మాత్ర మానేయవచ్చు" అంటోంది. మలబద్ధకం వల్ల ఐరన్ మాత్రలు నెల రోజులుగా వేసుకోవడం లేదు. ఈ గుళికలు సరిపోతాయా?

జవాబు – ఫార్మసీ అధ్యాపకురాలు

ముందుగా ఒక మాట: డాక్టరు గారిని అడగకుండా సెర్ట్రాలిన్ ఆపకండి. ఒకసారి ఈ జబ్బు వచ్చినవారికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. పైగా తల్లిపాలలోకి చాలా తక్కువగా చేరే మందుల్లో అది ఒకటి.

ఇక డీహెచ్‌ఏ సంగతి. ఆస్ట్రేలియాలో సుమారు 2,400 మంది గర్భిణులపై జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో, రోజుకు 800 మిల్లీగ్రాముల డీహెచ్‌ఏ తీసుకున్నవారికీ, తీసుకోనివారికీ మధ్య ప్రసవానంతర కుంగుబాటులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కుంగుబాటు ముప్పు ఉన్న గర్భిణులనే, అంటే మీవంటి వారినే, ఎంచుకుని అమెరికాలో చేసిన మరో చిన్న పరిశోధనలో చేపనూనెలోని మరో ఒమేగా-3 కొవ్వయిన ఈపీఏను కూడా పరీక్షించారు; 2013లో వచ్చిన ఆ ఫలితమూ అంతే. ఆస్ట్రేలియా పరిశోధనలో 34 వారాలు నిండకముందే జరిగే కాన్పులు తగ్గాయి కాబట్టి ఆ గుళికలు వృథా అనను, కానీ అవి మీ మాత్రకు ప్రత్యామ్నాయం కావు. మనసుకు మంచిదంటూ అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ వంటి మూలికలను మాత్రం సెర్ట్రాలిన్‌తో కలిపి వాడితే ప్రమాదం.

జవాబు – విశ్రాంత స్టాఫ్ నర్సు

అమ్మా, నీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది గుళికలు కాదు, నువ్వు మానేసిన ఐరన్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆయాసం, నీరసం, చిరాకు, దేని మీదా మనసు నిలవకపోవడం – ఇవి రక్తం తక్కువైనా వస్తాయి, కుంగుబాటులోనూ వస్తాయి, రెండూ కలిసి ఉన్నప్పుడు ఏది ఎంతో తేల్చడం కష్టం. అందుకే ప్రభుత్వ కార్యక్రమంలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్రను గర్భంతో ఉండగా 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు ఇస్తారు. ఆ రెండో విడతను మన ఇళ్ళలో ఎవరూ పట్టించుకోరు!

మాత్రను టీ, కాఫీ, కాల్షియం మాత్రలతో కలపకుండా రెండు గంటల ఎడం పాటించు. మలబద్ధకం తగ్గకపోతే మందు మార్చమని అడుగు. శాకాహారివి కాబట్టి బి12 పరీక్ష కూడా చేయించమను. కాన్పు తర్వాత దిగులు కనిపిస్తే థైరాయిడ్ పరీక్ష మరచిపోవద్దు. పథ్యం పేరుతో కూరలూ పండ్లూ మాన్పించి, వాతమంటూ మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తే ఎన్ని మాత్రలు మింగినా లాభం తక్కువ.

జవాబు – నిజామాబాద్ తల్లి

నాకు రెండు కాన్పుల తర్వాతా ఇదే జరిగిందండీ. రెండోసారి త్వరగా తేరుకున్నానంటే, రాత్రిపూట పాపను ఎత్తుకునే వంతు మా అమ్మా, ఆయనా ముందే పంచుకోవడం, రెండో వారం నుంచే డాక్టరమ్మ కుంగుబాటును గుర్తించే ఎడిన్‌బరో ప్రశ్నావళి నింపించడం ముఖ్య కారణాలు. అందులో పది ప్రశ్నలే ఉంటాయి. చివరిది తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. దానికి అవునని అనిపిస్తే పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కాకినాడ కోడలు

అందరికీ కృతజ్ఞతలు. సెర్ట్రాలిన్ కొనసాగిస్తున్నాను. ఐరన్ మాత్రను మధ్యాహ్నం టీకి దూరంగా, రాత్రి భోజనం తర్వాతకు మార్చుకున్నాను. శనివారం చెకప్‌లో హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు అడుగుతాను. గుళికల డబ్బా కూడా వెంట తీసుకెళ్ళి చూపిస్తాను. కాన్పుకు పుట్టింటికి వెళ్తాను కనుక నీళ్ళ సంగతి మా నాయనమ్మకు ఎలా చెప్పాలన్నదే ఇక మిగిలిన సమస్య.