కడుపుతో ఉన్న ప్రతి అమ్మాయినీ "మీ ఆయన కొడతాడా" అని అడగాలా?

పల్లె సిస్టర్: మొన్న తొమ్మిదో తారీఖు, గర్భిణుల పరీక్షల రోజు. ఒకమ్మాయికి బీపీ పట్టీ కడదామని జాకెట్టు చెయ్యి పైకి జరిపితే మోచేతి పైన నాలుగు వేళ్ళ గుర్తులు, నీలం పోయి పసుపుపచ్చగా మారుతున్నాయి. ఆరో నెల. "బాత్‌రూంలో జారాను" అంది. పక్కనే అత్తగారు. బరువు, రక్తం, షుగరు అన్నీ కార్డులో రాశాను. ఆ గుర్తులు రాయడానికి గడి లేదు. వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగాలని నేనంటాను. మా డాక్టరు గారు వద్దంటున్నారు. మీరేమంటారు?

గోదారి గట్టు: డాక్టరు గారే కరెక్టండి. అత్తగారి ముందు ఏ పిల్ల నోరు విప్పుతుంది? విప్పితే రాత్రికి ఇంకో నాలుగు తగులుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అందరినీ అడగడం వద్దనే 2013లో చెప్పింది.

పల్లె సిస్టర్: అదే సంస్థ 2016లో గర్భిణుల సంగతి వేరుగా చెప్పింది కదండీ. హింస వల్ల వచ్చి ఉండొచ్చనిపించే ఇబ్బందులు చూసేటప్పుడు, ఆదుకునే ఏర్పాటు, చాటు ఉన్నచోట అడగమనే ఉంది.

ఓరుగల్లు బాపు: జాతీయ సర్వేల కడుపుతో ఉన్నప్పుడు దెబ్బలు తిన్నది నూటికి ముగ్గురే అన్నరు. ఆ ముగ్గురి కోసం మిగతా ఇండ్లల్ల మంట పెడ్తరా? ఆఖరికి పెండ్లాన్ని సతాయించిండని కేసు, ఒకప్పటి 498ఏ, పిలగాడు జైల్ల.

ఇద్దరు పిల్లల తల్లి: బాపూ, 2019-21 సర్వేలో ఆ 3.1 శాతం నోరు తెరిచి చెప్పినవాళ్ళు. నన్నడిగితే లేదనే చెప్పేదాన్ని.

నాకు కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఏమీ లేదు, కాన్పయ్యాకే మొదలు. మూడో నెలలో సారెతో అత్తారింటికి పంపారు. రాత్రి పాప ఏడిస్తే ఆయన నిద్ర చెడేది. ఒకరోజు పాలిస్తుండగా వీపు మీద గుద్దాడు. పాప జారకుండా రెండు చేతులూ బిగించాను, అదొక్కటే గుర్తుంది. అమ్మకు ఫోను చేస్తే "పచ్చి బాలింతవి, ఎక్కడికి పోతావే, సర్దుకో" అంది.

అంగన్‌వాడీలో పాపను తూచేటప్పుడు ఆశా అక్క అడిగేది, "తింటున్నావా, కొడుతున్నాడా", రెండూ ఒకే గొంతుతో. రెండు నెలలు లేదన్నాను. మూడోసారి చెప్పేశాను. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను కలిపింది తనే.

జైలంటారా, నేను వేసింది 2005 గృహహింస చట్టం కింద. కొట్టొద్దని, ఇంట్లోంచి గెంటొద్దని మేజిస్ట్రేటు ఆర్డరిచ్చారు. కొట్టొద్దన్న ఆర్డరు మీరితే అప్పుడు ఏడాది దాకా జైలు. ఆర్డరొచ్చాక మా ఆయన నా మీద చెయ్యెత్తలేదు. మాటలు మాత్రం మానలేదు.

ఓరుగల్లు బాపు: గట్లైతే మంచిదే బిడ్డా. నాకు ఆ చట్టం సంగతి ఎరుక లేదు. అందరినీ అడుగుడు మాత్రం ఇంకా నాకు నచ్చలే.

గోదారి గట్టు: అమ్మా, మీ ఆశా అక్క మంచిది. మా ఊళ్ళో ఆశా వర్కరు మొగుడి తరఫు చుట్టమే అయితే? పొద్దుగూకేసరికి ఊరంతా టముకు. ముందు అడిగేవాళ్ళ నోటికి తాళం ఉండాలి.

పల్లె సిస్టర్: ఆ మాట ఒప్పుకుంటాను. నిన్న బరువు మిషను లోపలి గదిలోకి మార్చాను. తలుపు మీద "ఒక్కరే రావాలి" అని రాశాం. అత్తగార్లు గొణుగుతున్నారు, గొణగనీ. ఆ అమ్మాయి వచ్చే తొమ్మిదిన రావాలి. రాకపోతే ఆశాను పంపనా, నేనే వెళ్ళనా? గోదారి గట్టు గారూ, మీరే చెప్పండి.