వికలాంగుల హక్కుల ఉద్యమం మీద ప్రాజెక్టు: పాత కాగితాన్ని నమ్మాలా, తర్వాత వచ్చిన పుస్తకాన్నా?

మద్దిలపాలెం పీజీ:
ఎంఏ హిస్టరీ రెండో సంవత్సరం అండి. 1977లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో 504 సెక్షన్ (ప్రభుత్వ సొమ్ముతో నడిచే చోట్ల వికలాంగుల మీద వివక్ష కూడదనే చట్ట నిబంధన) అమలు కోసం వికలాంగులు ప్రభుత్వ భవనంలో బైఠాయించడం, మన దేశంలో వికలాంగుల కోసం వచ్చిన 1995 చట్టం, ఈ రెండూ ప్రాజెక్టుకి తీసుకున్నాను. బైఠాయింపు ఎన్ని రోజులన్న దగ్గరే ఆగిపోయాను, ఒకచోట 25 అని, ఒకచోట 26 అని, ఇంకోచోట 28 అని ఉంది. మా గైడ్ గారేమో ప్రాథమిక ఆధారం, అంటే ఆ కాలం నాటి అసలు కాగితమే చూడమ్మా, తేలిపోతుంది అంటున్నారు. వారం నుంచి ఇదే టెన్షన్. ప్రాథమిక ఆధారంలో ఉంటే ఇక నిజమని రాసెయ్యొచ్చా?

సీతమ్మధార రిటైర్డ్ లెక్చరర్:
రాసెయ్యకమ్మా. ముందు క్యాలెండర్ తీసుకో. ఏప్రిల్ 5న లోపలికి వెళ్లారు, 28న ఆ శాఖ మంత్రి కాలిఫానో నిబంధనల మీద సంతకం పెట్టారు, 30న బయటికి వచ్చారు. మొదటి రోజు కలిపితే 26, కలపకపోతే 25. 28 ఎలా లెక్కపెట్టినా రాదు, అయినా ఒకరిని చూసి ఒకరు రాస్తూ పోయారు. ద్వితీయ ఆధారాలతో, అంటే తర్వాత ఇతరులు రాసినవాటితో ఉండే చిక్కు ఇదే.

అలాగని ప్రభుత్వ కాగితం ఒక్కటీ పట్టుకుంటే సగం కథ పోతుంది. 504 సెక్షన్ ఉన్న 1973 చట్టానికి నాలుగేళ్లపాటు నిబంధనలు రాలేదు, గొడవంతా అందుకే. ఆ నిబంధనలు 1977 మే 4న ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే అమెరికా ప్రభుత్వ గెజిట్‌లో అచ్చయ్యాయి. అది అసలుసిసలు ప్రాథమిక ఆధారమే, కానీ లోపల ఉన్నవాళ్లకి బ్లాక్ పాంథర్లు (నల్లజాతి హక్కుల కోసం పోరాడిన సంస్థవాళ్లు) వేడి భోజనం మోసుకొచ్చారన్న మాట అందులో ఎందుకుంటుంది? అది కావాలంటే పాల్గొన్నవాళ్ల మౌఖిక చరిత్రలు వినాలి, బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు సేకరించి పెట్టారు. అవి కూడా ఏళ్ల తర్వాత గుర్తుచేసుకుని చెప్పినవే, ఆ సంగతి మనసులో పెట్టుకుని చదువు.

మన చట్టం తేదీ కూడా చూసుకో. పేరులో 1995 ఉన్నా అది 1996లో 1వ నంబరు చట్టం, అమల్లోకి వచ్చింది 1996 ఫిబ్రవరి 7న.

అక్కయ్యపాలెం:
జనాభా లెక్కలు వదలకండి. 1881 లెక్కల్లో మన విశాఖ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉంటుంది. మతిస్థిమితం లేనివాళ్లు, చెవిటి మూగ, గుడ్డి, కుష్ఠు, ఇవే నాలుగు గళ్లు. గుమ్మంలో నిలబడి అడిగే మనిషికి ఇంట్లో కుష్ఠు ఉందని, పెళ్లి కావాల్సిన పిల్లకి చెవుడని ఎవరు చెప్తారు? అంకె ప్రాథమికమే, ఇంట్లోవాళ్లు దాచింది అందులో ఉండదు. 1931 తర్వాత ఆ ప్రశ్నే తీసేశారు. 1981లో ఒకసారి అడిగి 1991లో మళ్లీ వదిలేశారు. ఉద్యమకారులు వెంటపడితేనే 2001లో తిరిగి చేర్చారు.

ఎంవీపీ కాలనీ:
నాకు చూపు లేదు, తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదువుతాను. మా ఇంట్లో సైక్లోస్టైల్ కరపత్రం ఒకటి ఉంది, ఆర్కే బీచ్ దగ్గర ర్యాలీకి పిలుస్తూ వేసింది. అది 1998లో అని నేను చాలామందికి చెప్పాను. మొన్న మా ఆవిడ చదివి వినిపించింది: ‘డిసెంబరు 3, ఆదివారం’, కింద ‘చట్టం వచ్చి ఐదేళ్లవుతున్నా 3 శాతం ఉద్యోగాలు నింపలేదు’ అని. 1998లో ఆ తేదీ గురువారం, 2000లో ఆదివారం. ఇన్నాళ్లూ నేను తప్పు చెప్పాను.

అదే ర్యాలీ గురించి ఈమధ్య ఒకరు రాసిన వ్యాసంలో మేము ‘దివ్యాంగులం’ అని నినాదాలు ఇచ్చినట్టుంది. ఆ మాట జనంలోకి వచ్చింది 2015 చివర. మేం అరిచింది వికలాంగులమనే, కాగితం మీదున్నదీ అదే. పాత పేపర్లు వెతికేటప్పుడు ఆ మాటతోనే వెతకండమ్మా, లేకపోతే ఏమీ దొరకదు.

ఒక్క బాధ చెప్పాలి. మా గురించిన పాత పత్రాలన్నీ ఫొటోలుగా స్కాన్ చేసి పెడతారు, స్క్రీన్ రీడర్‌కి అది ఖాళీ పేజీ. మా చరిత్ర చదవడానికి నాకు ఇంకొకరి కళ్లు కావాల్సి వస్తోంది.

మద్దిలపాలెం పీజీ:
సార్, ఈ ఆదివారం మీ ఇంటికి రావచ్చా? కరపత్రం ఫొటో తీసుకుని ఊరుకోను, అక్షరం పోకుండా టైపు చేసి మీకే ముందు పంపిస్తాను. 1998 అని మీరు ఎందుకు అనుకున్నారో కూడా చెప్పండి, అదీ రాసుకుంటాను.

ఎంవీపీ కాలనీ:
పదింటికి రామ్మా. ఆ రోజు ర్యాలీలో నా పక్కన నడిచినాయన్ని కూడా పిలుస్తాను, ఆయన లెక్కలో అది 1999.