ఆర్మండ్ హామర్ ఎదుగుదలలో రాజకీయ పరిచయాల పాత్ర ఎంత?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. ఆక్సిడెంటల్ పెట్రోలియం సంస్థను 1957 నుంచి 1990లో మరణించేవరకు నడిపిన ఆర్మండ్ హామర్ గురించి చదువుతున్నాను. 1921లో లెనిన్‌ను కలిసి గని హక్కులు పొందిన మనిషే, కమ్యూనిజం పేరెత్తితేనే అనుమానించే రోజుల్లో సైతం అమెరికా అధ్యక్షుల దగ్గరకు వెళ్లగలిగారు. ఇది వ్యాపార దక్షతా, పరిచయాల బలమా? ఆ పరిచయాలు ఎప్పుడైనా ఆయనకే చేటు తెచ్చాయా?

జవాబు 1

ఈ కథ తండ్రి జూలియస్ హామర్‌తో మొదలవుతుంది. న్యూయార్క్‌లో వైద్యుడైన ఆయన అమెరికా కమ్యూనిస్టు ఉద్యమపు తొలితరం వారిలో ఒకరు. కొడుకు కొలంబియాలో వైద్యపట్టా పుచ్చుకున్న ఏడాదే మాస్కో చేరి, కరువులో ఉన్న ఉరల్ ప్రాంతానికి గోధుమలు తెప్పించే ఒప్పందం చేసుకుని, అలపాయెవ్‌స్క్‌లో ఆస్బెస్టాస్ గనిని, తరువాత మాస్కోలో పెన్సిళ్ల కర్మాగారాన్ని నడిపారు. ఆ కుటుంబ వ్యాపారం ద్వారా విదేశాల్లోని కమ్యూనిస్టులకు సొమ్ము చేరేదని సోవియట్ యూనియన్ పతనం తరువాత బయటపడిన పత్రాలు చెబుతున్నాయి. కనుక కేవలం దక్షత అనడానికి నాకు మనసొప్పదు.

జవాబు 2

మాస్కో సంగతి అంగీకరిస్తాను గానీ, మీ రెండో ప్రశ్నకు జవాబు లిబియాలో ఉంది. రాజు ఇద్రిస్ పాలనలో చమురు హక్కులకు టెండర్లు పిలిచినప్పుడు, హామర్ తన పత్రాలను గొర్రెతోలు మీద రాయించి, లిబియా జెండా రంగుల రిబ్బన్లతో కట్టించి, కుఫ్రా ఒయాసిస్‌లో నీటి కోసం తవ్విస్తామన్న హామీని కూడా జోడించారు. పాలకుడి మనసు తెలిసిన మనిషి చేసే పని అది. అక్కడ దొరికిన చమురుతో ఓ చిన్న సంస్థ ప్రపంచస్థాయికి ఎదిగింది.

అయితే 1969 సెప్టెంబరులో గడాఫీ అధికారం చేజిక్కించుకున్నాక ఆ రాజాదరణ మాయమైంది. పెద్ద కంపెనీలకు ఇతర దేశాల్లోనూ బావులు ఉండగా, ఆక్సిడెంటల్ దాదాపు లిబియా మీదే ఆధారపడింది. అందుకే గడాఫీ ప్రభుత్వం 1970లో మొదట దాని మెడే పట్టుకుని ఉత్పత్తిని బలవంతంగా తగ్గించింది. లొంగకుండా నిలవడానికి లిబియా చమురుకు బదులు వేరే చమురును తక్కువ ధరకు ఇమ్మని హామర్ పెద్ద చమురు కంపెనీ అయిన ఎక్సాన్ పెద్దలను అడిగితే వారు నిరాకరించారు. చివరకు బ్యారెల్‌కు 30 సెంట్ల ధర పెంపునకు, 50 నుంచి 58 శాతానికి పెరిగిన పన్నుకు ఆయన తలొగ్గక తప్పలేదు. చమురు దేశాల చేతికి బేరమాడే బలం వచ్చింది ఆ సంతకంతోనే అని నా అభిప్రాయం.

జవాబు 3

స్వదేశంలోనూ చేటు జరిగింది. 1972 ఎన్నికల్లో నిక్సన్ ప్రచారానికి 54,000 డాలర్లను ఇతరుల పేర్ల చాటున ఇచ్చినందుకు ఆయన నేరం అంగీకరించారు. 1976లో ఏడాది ప్రొబేషన్ (జైలుకు బదులు పర్యవేక్షణలో ఉండే శిక్ష), 3,000 డాలర్ల జరిమానా పడ్డాయి. అంత సంపన్నుడికి ఆ జరిమానా ఒక లెక్క కాదు, కానీ నేరస్థుడన్న ముద్ర ఆయనను చాలా బాధించింది. 1989లో అధ్యక్షుడు జార్జ్ బుష్ క్షమాభిక్ష ప్రసాదించారు.

ప్రశ్న అడిగినవారు

ఎంతో తెలుసుకున్నాను, కృతజ్ఞతలు. 1970 ఒప్పందం తరువాత లిబియా ఆయనను స్థిమితంగా ఉండనిచ్చిందా?

జవాబు 2 రాసినవారు

మూడేళ్లు మాత్రమే. 1973 ఆగస్టులో అక్కడి ఆక్సిడెంటల్ వ్యాపారంలో 51 శాతాన్ని లిబియా ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది.